సచ్చినోడు మాటాడకూడదు

యూనివర్సిటీలో పరిశోధన వెలగబెడుతున్న ఆ రోజుల్లో నాకు లోకంలో రెండే రకాల మనుషులు కనిపించేవారు. నా థీసిస్‌కు పనికొచ్చేవాళ్ళు, పనికిరానివాళ్ళు. ఆసియా దేశాల సాహిత్యాల్లో చావు ఏడుపుల మీద తులనాత్మక అధ్యయనం నా అంశం. (ఏ పెళ్ళిపాటలో ఊడుపుపాటలో తీసుకోవచ్చు కదా అంటారేమో. అవన్నీ నాకంటే ముందు చేరినవాళ్ళు తన్నుకుపోయారు.) జపాను, కొరియా శోకగీతాల గురించి లైబ్రరీలో కూర్చుని, ఇంగ్లీషు అనువాదాలు ముందేసుకుని బోలెడంత రాసేశాను. మిగిలింది మా ఉద్దానం అధ్యాయం ఒక్కటే. దానికి మాత్రం ఒక్క శోకమైనా నేనే వెళ్ళి రికార్డు చేసుకురావాలి. మా గైడు గారు (చాటుగా మేం 'సందర్భం మాస్టారు' అనేవాళ్ళం) "సహజ సందర్భంలో ఉండాలమ్మా, అడిగితే ఏడ్చిన ఏడుపు చెల్లదు" అని తేల్చేశారు. సహజ సందర్భం అంటే ఏమిటో ఆయన నోటితో చెప్పలేదు గానీ, ఎవరో ఒకరు పోవాలన్నమాట అని నాకు అర్థమైంది.

అలా వజ్రపుకొత్తూరు దగ్గర మా మేనత్త వాళ్ళ ఊళ్ళో మకాం పెట్టాను. ఆ చుట్టుపక్కల కిడ్నీ జబ్బు తొంగిచూడని వీధి లేదు. గోతికాడ నక్కలా నేను అక్కడ భుజాన సంచీ వేసుకుని తిరిగేదాన్ని. నాలుగు రోజులకే ఊరికి నా సంగతి తెలిసిపోయింది. అరుగు మీద కూర్చున్న ఒక తాత నన్ను చూసి గబుక్కున లేచి, "నాను బాగానే ఉన్నానమ్మా, అన్నం కూడా తినీసినాను" అని లోపలికి వెళ్ళిపోయాడు. తీరా వెనక వీధిలో ఒకాయన పోతే పరుగున వెళ్ళాను. చిన్న వయసు మనిషి. ఆయన భార్య ఏడుపు వింటూ సంచీలోంచి ఫోను తియ్యలేక, వాళ్ళతో పాటు ఏడ్చి, వాచిన కళ్ళతో వట్టి చేతులతో తిరిగొచ్చాను. ఫోన్లో గైడు గారికి చెబితే, "నిన్ను పంపింది ఏడవడానికా, రికార్డు చెయ్యడానికా?" అన్నారు.

శోకం పెట్టడంలో మా అత్తకు పెద్ద పేరు. మందస నుంచి కూడా చుట్టాలు కబురు చేసేవారు. అత్త వెళ్ళి శవం పక్కన కూర్చుని రాగం ఎత్తుకుంటే, పోయిన మనిషి మీద అప్పటిదాకా గిట్టనివాళ్ళు కూడా కొంగు తడుపుకోవాల్సిందే. సిగ్గు విడిచి ఆమెనే అడిగాను. చీపురు కింద పడేసింది. "ఒలే గుంటా, మడిసి బతికున్న ఇంట్లో శోకమేటే! సావుకి దారి సూపించినట్టు కాదేటి?" అంది. ఆ భయం ఊరికే వచ్చింది కాదు. మంచం మీద మా మావ ఉన్నాడు. వారంలో కొన్ని రోజులు బస్సెక్కి పలాస వెళ్ళి రక్తం శుద్ధి చేయించుకు వస్తాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు 'వాషింగు'. ఇంటి వెనక కొబ్బరి తోటంతా ఆయన నాటిందే, కానీ బొండం నీళ్ళు ఆయనకు విషంతో సమానం అన్నారు డాక్టర్లు. మంచినీళ్ళు కూడా కొలతే. ఆ కొలతకు కాపలా మా అత్త. దాహం ఆగక ఆయన దొంగచాటుగా గ్లాసు ఎత్తితే చేతిలోంచి లాక్కునేది.

"నా మీద ఏడవే" అన్నాడు మావ మంచం మీంచి.

అత్త నోరు నొక్కుకుంది. మావ ఊరుకోలేదు. "ఊరందరి మొగుళ్ళకీ ఏడిసినావు. రేపు నా మీద నువ్వేటి ఏడుత్తావో ఊరంతా ఇంటాది, నాను తప్ప. ఇదేటి న్నాయం? గుంట సదువు కూడా ఆగిపోతాది" అన్నాడు. ఆ పూటంతా ఆమె ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే తలస్నానం చేసి, దీపం పెట్టి, దేవుడి పటానికి దండం పెట్టుకుంటూ గట్టిగానే చెప్పింది: "సామీ, ఇది గుంట సదువు కోసం. ఉత్తుత్తిది. నువ్వు రాసుకోకు." తర్వాత మంచం దగ్గర చతికిలబడి, నా వైపు చూడకుండా రాగం ఎత్తుకుంది.

"పట్టుకోకలు తెచ్చినోడా, నా అయ్యా, పల్లకీల తిప్పినోడా..."

"ఎప్పుడే?" అన్నాడు శవం. "టెక్కలి నుంచి నూలుకోక తెత్తే ఏడాదంతా దెప్పినావు గదా!"

"శోకంలో అలగే అంటారు. నువ్వూరుకో. సచ్చినోడు మాటాడకూడదు" అని కసిరి, అత్త మళ్ళీ అందుకుంది. తగువు పడుతూ, నవ్వుతూ కొంతసేపు నడిచింది. మావకు హుషారు వచ్చేసి, పొగిడినప్పుడల్లా "ఊఁ, ఇంకా" అంటున్నాడు. ఎక్కడ మారిందో నాకు తెలియలేదు. అత్త గొంతు సన్నబడింది.

"తోటంతా నాటినోడా, నా అయ్యా, బొండం నీరు నోసుకోనోడా... దాగమని సెయ్యి సాపితే, నా అయ్యా, గలాసు నానే లాక్కున్నానే... ఏ జలమకి తీరతాదో, నా అయ్యా, నీ గొంతులో దాగం..."

ఇక పాట సాగలేదు. ఆమె మంచం కోడు మీద తల ఆన్చి మామూలుగా ఏడ్చింది. మావ ఆమె తల మీద చెయ్యి వేసి, "నీ తప్పేటుందే అందులో. డాకటరు సెప్పినాడు, నువ్వు సేసినావు" అన్నాడు. తర్వాత చొక్కా వేసుకుని బస్సుకు బయల్దేరాడు.

గైడు గారు ఆ రికార్డింగు శ్రద్ధగా విన్నారు. "మృతుడు మధ్యలో జవాబులు చెబుతున్నాడమ్మా, ఇది చెల్లదు" అన్నారు. మా ఉద్దానం అధ్యాయం కుంచించుకుపోయి జపాను అధ్యాయం చివర చిన్న అక్షరాల్లో ఇమిడిపోయింది. డాక్టరేటు మాత్రం ఇచ్చారు.

ఆ తర్వాతి వానాకాలంలో మావ పోయాడు. ఇంటి నిండా జనం. అత్త ఎప్పుడు ఎత్తుకుంటుందా అని ఆడవాళ్ళంతా ఎదురుచూస్తున్నారు. ఆమె నోరు విప్పలేదు. ఒకావిడ ఉండబట్టలేక, "ఊరందరికీ ఏడిసినావు, కట్టుకున్నోడికి ఒక్క మాట లేదేటి?" అంది. అత్త తల ఎత్తింది. "సెప్పాల్సింది సెప్పీసినాను. ఆయన ఇనీసినాడు. మల్లీ ఎందుకు?" అంది. ఆ జవాబు ఇంకెవరికీ అర్థం కాలేదు. నేను పెరట్లోకి వెళ్ళి కొబ్బరి చెట్ల మధ్య నిలబడి ఏడ్చాను.

ఇప్పుడు నేనూ పాఠాలు చెబుతున్నాను, సందర్భం గురించి పిల్లలను విసిగిస్తున్నాను. ఆ రికార్డింగు మాత్రం తరగతిలో ఎప్పుడూ వినిపించలేదు. ఒంటరిగా ఉన్నప్పుడు వింటాను. అందులో మావ "ఊఁ, ఇంకా" అని నవ్వినచోట మూడో గొంతు ఒకటి చిరాగ్గా వినిపిస్తుంది: "మావా, నువ్వు కాసేపు మాటాడకు, రికార్డింగు పాడైపోతంది!" ఆ గొంతు నాదే. ఎంత తొందరో ఆ పిల్లకి! దాన్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నవ్వుకుని, ఆ పాడైపోయినచోటికే మళ్ళీ వెనక్కి తిప్పుకుంటాను.