తోక నంబర్ల డ్యూయీ

డ్యూయీ రాట్‌లిఫ్ పోయి మూడేళ్లయినా, డిసెంబర్లో నెత్తిమీద చిన్న విమానం చప్పుడైతే నా చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. సిగ్గులేని చెయ్యి.

మా అలబామా ఊళ్లో కాలేజీ ఫుట్‌బాల్ జట్టు ఓడితే ఆదివారం చర్చిలో పాట కూడా నీరసంగా లేస్తుంది. డ్యూయీ ఊరి చివర చిన్న విమానాశ్రయంలో విమానాలకు ఇంధనం పోసేవాడు. ఆటల కాలం ముగిసే డిసెంబర్లో కోచ్ కుర్చీ కదులుతోందంటే చాలు, కాలేజీకి విరాళాలిచ్చే పెద్దల సొంత విమానాలు కొత్త కోచ్ వేటకు లేచేవి. డ్యూయీ వాటి తోకల మీది నంబర్లు చూసి, ఎవరు ఎక్కారో ఎవరు దిగారో అభిమానుల సైట్లో రాసేవాడు. పదిహేనేళ్లలో ఒక్కసారీ అతని రాత తప్పలేదు. నేను దాణా కొట్టు పనివాళ్లకొదిలేసి ఆ సైట్లోనే కాపురముండేవాణ్ణి. ఎంత బాగుండేవో ఆ రోజులు! నాలుగువేలమందిమి ఒకే వరండాలో చేరి పోట్లాడుకుంటున్నట్టుండేది.

ఒక ఏడాది మా కోచ్ హాలిస్ టిమ్స్ వరసగా ఐదు ఆటలు ఓడిపోయాడు. ఒక మంగళవారం మధ్యాహ్నం విమానం దిగింది. టోపీ కళ్లమీదికి లాక్కున్న మనిషొకడు కాలేజీ కారెక్కాడు.

"కొత్త కోచ్ దిగాడు. టిమ్స్ పనైపోయింది," అని రాశాడు డ్యూయీ.

ఇక చూస్కోండి. పండగే పండగ. పీడ వదిలిందని నేనే పదిసార్లు రాశాను. కాలేజీ ఫోన్లు మూగబోయేదాకా మోగించాం. విరాళాల పెద్దలు కూడా సైటు చదివేవాళ్లే. సాయంత్రానికి, టిమ్స్ ఉంటాడని చెప్పే ధైర్యం కాలేజీ ప్రెసిడెంటుకు లేకపోయింది. తీసేశాడు.

తీరా ఆ టోపీ మనిషి కొత్త కోచ్ కాదు. జట్టును నిలబెట్టడానికి టిమ్స్ రెండేళ్లు బతిమాలి రప్పించుకున్న సహాయ కోచ్.

విషయం తెలిశాక డ్యూయీకి తిండి సయించలేదు. వారం పోయాక, పెకన్ పప్పులతో చేసే తీపి వంటకం, పెకన్ పై, పట్టుకుని టిమ్స్ ఇంటికెళ్లాడు. ధైర్యానికి నన్నూ లాక్కెళ్లాడు. టిమ్స్ వాకిట్లో ట్రక్కుకు పెట్టెలెక్కిస్తున్నాడు.

"కోచ్‌గారూ, ఆ రాతలు నావే," అన్నాడు డ్యూయీ.

"తెలుసులేవయ్యా. ఆ పెకన్ పై అక్కడ పెట్టు."

"అబద్ధమని మీరొక్క మాట చెప్పుంటే..."

"చెప్పానుగా! నా సొంత పేరుతో మీ సైట్లోనే రాశాను. అతను నా మనిషిరా బాబూ అని. నువ్వే కదా తరిమావు?"

డ్యూయీ ముఖం పాలిపోయింది. నాకూ గుర్తొచ్చింది. ఆ రోజు ఎవడో కోచ్ పేరు పెట్టుకుని సైట్లోకి వచ్చాడు. 'నువ్వు కోచ్‌వైతే నేను గవర్నర్ని. విమానం దగ్గర నిలబడ్డది నేను, నోర్ముయ్,' అని డ్యూయీ రాశాడు. మేమంతా చప్పట్లు కొట్టాం.

టిమ్స్ నవ్వాడు. "గవర్నరుగారూ, ఆ పెట్టె కాస్త అందుకోండి," అన్నాడు.

డ్యూయీ ఏడుస్తూనే అన్ని పెట్టెలూ ఎక్కించాడు.

ఆ రాత్రి సైట్లో చివరిసారి రాశాడు: "ఆ రోజు ఇక్కడ కోచ్ పేరుతో రాసింది నిజంగా కోచే. తప్పు నాది. ఇంక నేను రాయను."

దాని కింద నిమిషంలో జవాబు పడింది: "అదలా ఉంచు. ఇవాళ ఏ విమానం దిగింది?"

ఆ అడిగినవాణ్ణి నేనే.