పక్కింటికి పోయిన ‘న’

మాంసం కొట్టే ఇంట్లో పుట్టినవాణ్ణి. గొర్రెలో ఏ బొక్క ఎక్కడుంటుందో కళ్ళు మూసుకుని చెబుతాను. మా తెలంగాణలో బొక్క అంటే ఎముక. దోహాలో నాతో పనిచేసే గోదావరి ఆయనకు మాత్రం బొక్క అంటే చిల్లు. నేను ‘బొక్క తీసిన’ అన్నప్పుడల్లా, ‘మరి పూడ్చేశారా?’ అని నవ్వుతాడు.

నేను పనిచేసే కూలీల క్యాంపు మెస్సు మూతపడి, తంతే బూరెల బుట్టలో పడ్డట్టు వెస్ట్ బేలోని హోటల్ వంటశాలకు వచ్చిన కొత్తలో, పెద్ద చెఫ్ ఒక గొర్రె తొడ నా ముందు పెట్టి ‘ఏచ్ బోన్’ తీయమన్నాడు. ఆయన ఇంగ్లండు మనిషి, తల నెరిసినవాడు. నాకు వినపడింది ‘హెచ్ బోన్’. బడిలో నేర్చుకున్న హెచ్చే కదా, రెండు నిలువు గీతలు, మధ్యలో ఒక అడ్డగీత. అలాంటి బొక్క కోసం తొడంతా గాలించాను. దొరకలేదు. చివరికి కీలు దగ్గర హెచ్ లాంటిదేదో ఉందని నాకు నేనే నచ్చచెప్పుకుని, అక్కడ కోసి మాంసం పాడుచేశాను. ఆయన తిట్టలేదు. నవ్వి, తుంటి ఎముక చూపించి, ఆ మాట కథ చెప్పాడు.

హెచ్‌కీ దానికీ సంబంధమే లేదట. మొదట్లో అది ‘నేచ్ బోన్’. నేచ్ అంటే పిరుదు, ఫ్రెంచి వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన మాట. ఇంగ్లీషులో ‘ఒక’ అనాలంటే ముందు ‘ఎ’ పెడతారు. అచ్చుతో మొదలయ్యే మాటకైతే ‘యాన్’ పెడతారు. ‘ఎ నేచ్ బోన్’ అని గబగబా అంటుంటే వినేవాళ్ళకు ‘యాన్ ఏచ్ బోన్’ అనిపించింది. తరతరాలుగా అలా అనీ అనీ, నేచ్‌లోని ‘న’ పక్క మాటలో కలిసిపోయింది.

“దాన్నెవరూ దొంగిలించలేదు. చెవులు అలా విన్నాయి, నోళ్ళు అలా అన్నాయి, అంతే” అన్నాడాయన.

నా బిడ్డ కూడా అలాగే వెళ్ళిపోయింది.

నా భార్య జ్వరంతో పోయేనాటికి పాప ఇంకా పాలు తాగుతోంది. నేను ఇక్కడ డ్యూటీలో ఉన్నాను. అన్నా వదినలు పాపను తీసుకుపోయి, తమ కొడుకులతో పాటే పెంచారు. ఆ పిల్లలు ఫోన్‌లో నన్ను ‘చిన్నాయినా’ అనేవాళ్ళు. అంటే బాబాయి. మాటలు వచ్చినప్పుడు నా బిడ్డా అదే అంది. మా అన్నను ‘నాయినా’ అంది. అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

“పెద్దగైతె దానికే తెలుస్తది తియ్యి” అంది వదిన.

తెలిసింది కూడా. గోడ మీద ఫొటోలో ఉన్నది కన్నతల్లి అనీ, దుబాయ్ చిన్నాయినే కన్నతండ్రి అనీ దానికి తెలుసు. ఇది ఖతార్ అని ఎన్నిసార్లు మొత్తుకున్నా మా ఊరికి దుబాయే. తెలియడం వేరు, నోరు తిరగడం వేరు.

మొన్న మొన్ననే కుటుంబాన్ని తెచ్చుకునే వీలు దొరికింది. దోహా శివారు అల్ వుకైర్‌లో చిన్న ఇల్లు తీసుకుని, ఒక గదికి గులాబీ రంగు పరదాలు కట్టాను. దగ్గర్లో బడి కూడా చూసుకున్నాను. అన్నకు ఫోన్ చేసి, పాపను తెచ్చుకుంటానన్నాను.

“నీ బిడ్డ. నేను అడ్డం రాను. గని దాన్ని నువ్వే అడుగు తమ్మీ, అడుగుడు నాతోని కాదు” అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం వీడియోలో బిడ్డ కనిపించింది. మంచం మీద అన్న పక్కనే కూర్చుంది. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ముందు బొక్క కథ చెప్పాను. నా పని సంగతులంటే అది చెవి కోసుకుంటుంది. హెచ్ కోసం వెతికానంటే పడీ పడీ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి కాసేపు ఆలోచించింది.

“చిన్నాయినా, మరి నిన్ను పిలుసుడు గూడ గంతే గదా! చిన్న, నాయిన. అండ్లకెల్లి గూడ ఒక ‘న’ పోయింది.”

“అవును బిడ్డా, పోయింది” అన్నాను.

“వాపస్ పెట్టాల్నా?”

అడిగింది అక్షరం గురించే. కానీ అడుగుతూ నా వైపు చూడలేదు. దాని చెయ్యి అన్న చొక్కా అంచును గట్టిగా పట్టుకుంది. అన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఇంట్లో గుసగుసలు వినే ఉంటుంది, దానికి అంతా తెలుసు. నాయినా అని పిలవమంటే పిలుస్తుంది, రమ్మంటే వస్తుంది. అంత మంచి పిల్లగా పెంచారు వాళ్ళు. నాకు ఏడుపు ఆగలేదు. ఫోన్‌ను పైకప్పు వైపు తిప్పి, సిగ్నల్ బాగా లేదన్నాను.

“వద్దు బిడ్డా. అలవాటైన నోటికి అదే మంచిగుంటది.”

“సరే చిన్నాయినా” అంది. అది ఊపిరి వదలడం ఇక్కడికి వినపడింది.