మగ్గం గుంటలోంచి పైకి తెచ్చిన సీసాలు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం దుబ్బాక నుంచి ఫోన్ వచ్చింది. "నేను సత్తయ్య భార్యను, బాలవ్వను. ఆయన పోయి ఏడాది నిండింది. సీస తెరువనీకి మీరొస్తరని చెప్పిండు. ఎప్పుడొస్తరు?" అని అడిగిందావిడ. సత్తయ్యతో నాది రెండేళ్ల ఫోన్ స్నేహం. పాత పోర్ట్ వైన్ దాచుకునే పిచ్చివాళ్లం ఈ రాష్ట్రంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందిమే ఉంటాం, అందులో నేత పనివాడు ఆయనొక్కడే. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను: పోర్ట్ అంటే పోర్చుగల్ దేశపు తియ్యని వైన్. ద్రాక్షరసం పులుస్తుండగా మధ్యలో ఘాటైన సారా పోసి ఆపేస్తారు. మంచి పంట పండిన ఏడాది చేసిన రకాన్ని సీసాలో నింపి, చల్లగా, చీకట్లో, అడ్డంగా పడుకోబెట్టి ఇరవై ముప్పై ఏళ్లు వదిలేస్తే అది లోలోపలే మారి మరో రుచికి వస్తుంది. అంత ఓపిక నాకు లేదు. నా హైదరాబాద్ ఫ్లాట్‌లో కరెంటుతో నడిచే చల్లని బీరువా ఉంది, కరెంటు పోతే నా ప్రాణం పోతుంది.

సత్తయ్య దగ్గర ఆ బీరువా లేదు, మగ్గం గుంట ఉంది. భివండిలో మరమగ్గాల మీద పని చేస్తూ, ఎవరి ద్వారానో ప్రయాణికుల ఓడలో దుప్పట్లు ఉతికే పనికి కుదిరాడు. ఓడ పోర్చుగల్ రేవులో ఆగినప్పుడు తోటి పనివాడొకడు ఒక చిన్న గ్లాసు పోర్ట్ చేతికిచ్చాడట. ఆ గ్లాసుతో మొదలైంది. సెలవు మీద ఇంటికొచ్చిన ప్రతిసారీ ఒకటో రెండో సీసాలు తెచ్చుకున్నాడు. దుబ్బాకలో ఎండాకాలం ఎలా ఉంటుందో తెలుసు కదా, మరి ఎక్కడ దాచాలి? ఇంట్లో తండ్రి నేసిన గుంట మగ్గం మూలన పడి ఉంది. నేలలో తవ్విన ఆ గుంటలోకి కాళ్లు వదిలి కూర్చుని నేస్తారు. నూలు ఎండితే తెగుతుందని అక్కడి మట్టిని తడితడిగా ఉంచుతారు. సత్తయ్య అందులో ఇసుక పరిచి, సీసాలను అడ్డంగా పేర్చి, తడిగోనె కప్పి, పైన చెక్క మూశాడు. నేను పంపిన థర్మామీటర్ పెట్టి మే నెలలో ఫోటో తీసి పంపిస్తే చూసి నోరెళ్లబెట్టాను. పుస్తకాల లెక్కకు కాస్త ఎక్కువే గానీ, పొద్దునా రాత్రీ ఒకేలా నిలకడగా ఉంది. వైన్‌కి కావలసింది ఆ నిలకడే.

"ఇక తెరవొచ్చన్నా, అది ఎప్పుడో సిద్ధమైపోయింది" అని నేను చాలాసార్లు అన్నాను. ఆయన వినేవాడు కాదు. "ఇంకొన్ని దినాలు ఉండనీ తమ్మి. మొదటి గుక్క మా బాలవ్వకు పోస్తనని మాటిచ్చిన. ఆమె తాగినప్పుడు అది బాగుండాలె" అనేవాడు. ఆ 'కొన్ని దినాలు' కాకముందే గుండెపోటు వచ్చింది. అందుకే ఆవిడ ఫోన్ చేసిన మర్నాడే సంచి సర్దుకున్నాను.

ఉదయం ఏడింటికి జూబ్లీ బస్టాండ్‌లో సిద్దిపేట ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. టికెట్ రెండు వందల లోపే. బస్సు గజ్వేల్ మీదుగా పోతుంది, రెండున్నర గంటలు పడుతుంది. కుడివైపు సీటు దొరికితే పొద్దుటి ఎండ మొహాన కొడుతుంది, ఎడమవైపు కూర్చోండి. గజ్వేల్‌లో సగం బస్సు దిగిపోయి, కూరగాయలు అమ్ముకుని ఖాళీ గంపలతో తిరిగి వెళ్లేవాళ్లు ఎక్కారు. నా ఒళ్లో సంచి ఉంది. అందులో కార్కు తీసే సాధనం, మూడు చిన్న గాజు గ్లాసులు, ఒక టార్చి. వడకట్టే గుడ్డ మాత్రం ఇంట్లో మరిచిపోయానని శామీర్‌పేట దాటాక గుర్తొచ్చింది. అన్నీ రాసుకుని మరీ సర్దుకునే మనిషిని, ముఖ్యమైనదే మరిచిపోతాను, అది నా ప్రత్యేకత.

సిద్దిపేట పాత బస్టాండ్ బయట ఒక పెద్దావిడ సర్వపిండి కాలుస్తోంది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి గిన్నెకే అద్ది కాల్చే రొట్టె ఇది. నేను ఫోటోలు తీస్తూ నిలబడితే ఆవిడ విసుక్కుంది. "ఫోటువ తర్వాత తియ్యి బిడ్డా. వేడి మీద తింటెనే రుచి, సల్లారినంక రాయి అయితది." రెండు తిన్నాను. హైదరాబాద్ హోటళ్లలో ఈ పేరుతో అమ్ముతున్నదాన్ని ఇకపై వేరే పేరుతో పిలవాలి.

దుబ్బాకకు బస్సులున్నాయి, కానీ నాకోసం ఒకావిడ ఎదురుచూస్తోందని ఆటో మాట్లాడుకున్నాను. వెళ్లడానికే నాలుగు వందలన్నాడు, నేను బేరమాడలేదు. నర్సింలు అనే ఆ డ్రైవర్ సంచిలో గాజు చప్పుడు విని ఆరా తీశాడు. ఇరవై ఏళ్లకు పైబడిన వైన్ తెరవడానికి పోతున్నానని చెబితే అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఇరవై ఏండ్లా? కరాబ్ గాదా సార్?"

"సరిగ్గా దాస్తే కాదు. ఇంకా బాగవుతుంది."

"మా మామ తాళ్లెక్కుతడు. పొద్దుగాల దించిన కల్లు మాపటిదాక ఆగితె పులుస్తది. మీ మందుకు శాన ఓపికున్నది సార్" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. పొలాల మధ్య రోడ్డు మీద గాలి చల్లగా తగులుతుంటే, సత్తయ్య లేని లోటు అప్పుడప్పుడూ మరిచిపోయి, ఇంకాసేపట్లో గ్లాసులోంచి ఏ వాసన వస్తుందోనని ఊహించుకుంటూ కూర్చున్నాను. ఆ అరగంట ఎంత హాయిగా ఉందో తలుచుకుంటే ఇప్పుడు బాధేస్తుంది.

బాలవ్వ వాకిట్లోనే నిలబడి ఉంది. సన్నగా, పొడుగ్గా, నేత చీరలో. నీళ్లిచ్చి, "లోపటికి రా తమ్మి, గాడ్నే ఉన్నయి" అంది. నేను మగ్గం ఉన్న వెనక గది వైపు తిరిగాను. "గటు గాదు, గిటు" అని ముందు గదిలోకి తీసుకెళ్లింది. గోడకు సత్తయ్య ఫోటో, దండ, చుట్టూ రంగురంగుల కరెంటు దీపాలు. ఫోటో కింద గూట్లో సీసాలన్నీ నిలబెట్టి ఉన్నాయి. ఒక్కొక్కదానికి పసుపు, కుంకుమ బొట్లు. పక్కన నూనె దీపం. పైన స్లాబు, ఆ స్లాబు మీద ఎక్కుతున్న ఎండ.

ఆవిడ గర్వంగానే చెప్పింది. "ఆయన పోయిన పదకొండో దినంనాడే తీసిన. గంత పానం పెట్టుకున్నయి, కాళ్లు పెట్టే గుంటల ఉంచుతమా? బతికున్నప్పుడు ఎన్నిసార్లు అన్ననో, ఇనలే. ఇప్పుడు ఆయన ముంగటనే పెట్టిన. దీపం ఒక్క దినం గూడ ఆరనియ్యలే."

దగ్గరికి వెళ్లి చూశాను. ఒక ఎండాకాలమంతా గడిచింది. కార్కులు వేలెడు కాకపోయినా పైకి లేచాయి, వాటి చుట్టూ జిగటగా కారి ఎండిన మరకలు. సీసా పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. తెరవకముందే నాకు తెలిసిపోయింది. అయినా ఎక్కడో ఆశ, ఒక్కటైనా తట్టుకుని ఉంటుందేమోనని. అన్నిట్లోకీ తక్కువ కారినదాన్ని ఎంచుకున్నాను. వడకట్టడానికి మెత్తటి గుడ్డ అడిగితే, బాలవ్వ పెట్టె తెరిచి తువ్వాల ముక్క ఒకటి తెచ్చింది. ఓడ పని మానేసి వచ్చాక సత్తయ్య సరదాకి పక్కింటివాళ్ల మగ్గం మీద నేసిందట. కార్కు తీసి, ఆ గుడ్డలోంచి మెల్లగా వంచాను. ముదురు ఎరుపు రావలసిన చోట బురద గోధుమరంగు దిగింది. మాడిన బెల్లప్పాకం వాసన. నాలుక మీద పెడితే తీపి ఒక్కటే మిగిలింది, వెనకాల ఏమీ లేదు.

బాలవ్వ గ్లాసును రెండు చేతులతో అందుకుంది. ఫోటో వైపు ఒకసారి చూసి, ఒక గుక్క తాగింది. నోట్లోనే కాసేపు ఉంచుకుంది. మింగాక నన్ను అడిగింది.

"గిదేనా తమ్మి? గింతేనా? దీని కోసమేనా గన్నేండ్లు ఆగిండు?"

ఈ ప్రయాణమంతటిలో నాకు కష్టమైంది ఆ ఒక్క నిమిషం. అవునంటే, జీవితంలో సగం ఒక పనికిమాలిన దాని కోసం పోగొట్టుకున్నాడని భర్త గురించి ఆవిడ అనుకుంటుంది. కాదంటే, చెడగొట్టింది తనేనని తెలుస్తుంది. ఏది చెప్పినా ఒకరికి అన్యాయమే. సత్తయ్య ఉంటే ఏమనేవాడో తెలుసు, 'బాగుంది' అనేవాడు, భార్యను నొప్పించేవాడు కాదు. కానీ ఆయన తరఫున మాట్లాడడానికి అక్కడ నేనొక్కడినే ఉన్నాను.

"ఇది కాదు వదినా. వేడి తగిలి పాడైపోయింది. గుంటలో ఉన్నన్నాళ్లూ బాగుంది. అన్న దాన్ని అక్కడ పెట్టింది విలువ లేక కాదు, అది చల్లగా, చీకటిగా, కదలకుండా ఉండాలని. ఇంట్లో అలాంటి జాగా అదొక్కటే."

ఆవిడ ఏడవలేదు. గ్లాసు కింద పెట్టింది. "నాతోని ఒక్క ముక్క చెప్పలే" అంది. "గుంటల ఎందుకు పెట్టినవంటె, నీకు తెల్వదులే అనెటోడు. మీతోనైతె గంటలు గంటలు మాట్లాడెటోడు. పక్క అర్రల కూసోని నేను ఇనుకుంటనే ఉంటి, ఇంగిలీషు మాటలు, డిగ్రీలు. నాకేం సమజైతది?" తర్వాత సీసా నా వైపు జరిపింది. "ఆయనకు గూడ పొయ్యి తమ్మి. నేను చెడగొట్టిందే తాగనీ. చెప్పకపోయినందుకు ఆయనకు గంతే." చిన్నగా నవ్వింది, ఆ నవ్వులోనే కళ్లు తుడుచుకుంది. నేను మూడో గ్లాసు నింపి ఫోటో ముందు పెట్టాను. కరెంటు దీపాల తీగ మాత్రం ఆవిడే పీకేసింది.

అన్నం పెట్టింది. పచ్చిపులుసు, కోడిగుడ్డు కూర. తిని చేయి కడుక్కుంటుంటే, "మిగిలినయి మళ్ల గుంటల పెడుదమా?" అంది.

"ఇక లాభం లేదు వదినా, అవి తిరిగి బాగవవు."

"లాభానికి గాదు."

వెనక గదిలో చెక్క తీసి, చీర కొంగు నడుముకు చెక్కుకుని ఆవిడే గుంటలోకి దిగింది. ఇసుక మీద గోనెను నీళ్లతో తడిపింది. నేను ఒక్కో సీసా అందిస్తే, "ఎట్ల పెట్టాలె?" అని అడిగింది. అడ్డంగా, మూతి గోడ వైపు, పేరున్న కాగితం పైకి వచ్చేలా అని చెప్పాను. ఎందుకలాగో కూడా చెప్పాను: కార్కు తడిగా ఉండాలని, అడుగున పేరుకున్న మడ్డి ఒక పక్కనే నిలవాలని, వెలుతురు పడకూడదని. ప్రతిదానికీ తలూపింది. ఆ మాటలకు పావుగంట కూడా పట్టలేదు.

తిరుగు ప్రయాణం సిద్దిపేట దాకా బస్సులో చేశాను. అందుకు కారణం ఆటోలో మళ్లీ ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడాల్సి వస్తుందేమోనన్న భయం. కిటికీ పక్కన కూర్చుని సత్తయ్య మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. ఆవిడ కోసమే అన్నేళ్లు ఆగాడు, ఆవిడతో ఆ పావుగంట మాత్రం మాట్లాడలేదు. గుంటను అంత పవిత్రంగా చూసుకున్న మనిషికి, అందులో ఉన్నదాన్ని ఫోటో ముందుకు తెచ్చి పూజించిన మనిషికి మధ్య ప్రేమకు లోటు లేదు. ఇద్దరి ప్రేమా కలిసే ఆ సీసాలను చంపింది.

ఇటువైపు వచ్చేవాళ్లకు ఒక మాట: మధ్యాహ్నం ఎండలో నేతగాళ్ల ఇళ్లకు వెళ్లకండి, పొద్దున్నే వెళితే మగ్గం నడుస్తుండగా చూడొచ్చు. ఇక సీసాలు దాచుకునే నా తోటి పిచ్చివాళ్లకు చెప్పేది: ఎవరికోసం దాస్తున్నారో, వాళ్లతో ఈ రాత్రే ఒకటి తెరిచి తాగండి.