ముత్తెన్న మూయని తలుపు

ముత్తెన్న బాబాయ్‌కి కంప్యూటర్ నేర్పింది నేనే. అందుకు ఎవరైనా ఒక మంచి మాట అంటారేమోనని చూశాను. ఒక్కరూ అనలేదు సరికదా, అరవై ఏళ్ల పెద్దమనిషిని ఆటల్లో పెట్టి చెడగొట్టానని బాన్సువాడ బస్టాండు దాకా చెప్పుకున్నారు.

అది 2003 ఎండాకాలం. మాది నస్రుల్లాబాద్ దగ్గర ఒక క్యాంపు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాలువ కింద వరి వేసుకున్న కుటుంబం. డిగ్రీ అయ్యాక ఇంట్లో కూర్చోబెడతామంటే నేను వినలేదు. నాన్నతో పోట్లాడి, బాన్సువాడలో ఒక గది కిరాయికి తీసుకుని నాలుగు పాత కంప్యూటర్లతో సెంటర్ తెరిచాను. దరఖాస్తులు టైపు చేయడం, పిల్లలకు పాఠాలు చెప్పడం నా పని. ఆ గది ముత్తెన్న బాబాయ్‌ది. వెనక వాళ్ల ఇల్లు. పక్క సందులో ఆయన భార్య కనకవ్వ ఒళ్లో చాట పెట్టుకుని పొద్దస్తమానం బీడీలు చుట్టేది.

నేను 'బాబాయ్' అని పిలిస్తే మొదటి రోజు ఆయన నవ్వాడు. "మా దిక్కు కాక అంటరు బిడ్డా. గా పిలుపైనా మంచిగనే ఉన్నది" అన్నాడు. అంతే, అదే పిలుపు ఉండిపోయింది.

ఆయన అంతకుముందు ఏడాదే రిటైరయ్యాడు. ముప్ఫై ఏళ్లు నిజాంసాగర్ కాలువ మీద లస్కరు. పైనుంచి ఆర్డరు వస్తే తూము దగ్గరికి సైకిలు మీద వెళ్లి షట్టరు ఎత్తాలి, ఆర్డరు వస్తే దించాలి. ఉద్యోగం అయిపోయాక చేతులకు పని లేక, గదిలోకి వచ్చి నా కుర్చీ వెనక నిలబడేవాడు. ఎవరైనా వెనక నిలబడితే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన్ని ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి కాబట్టి, మూల కంప్యూటర్లో ఒక ఆట పెట్టి ఇచ్చాను.

అది పాతకాలపు కోట ఆట. మధ్యలో మన కోట. చుట్టూ మన జనం పంట పండిస్తుంటారు, కట్టెలు కొడుతుంటారు. ఆ గింజలతో సిపాయిలను పోషించాలి, ఆ కట్టెతో బాణాలు చేయించాలి. ఉన్నట్టుండి ఎర్ర బట్టల సైన్యం వస్తుంది. గంట మోగుతుంది. బయట ఉన్న మన జనం కోటలోకి పరుగెత్తుతారు. మనం సమయం చూసి తలుపు బొమ్మ మీద నొక్కి తలుపు మూయాలి. అప్పటికి లోపలికి రానివాడు పోయినట్టే.

నేర్పడం మొదలుపెట్టాక తెలిసింది, ఆయన వెనక నిలబడటమే నయమని. ఎన్ని ప్రశ్నలు!

"గీ సిపాయిలకు బువ్వ ఎవలు వండుతరు బిడ్డా?"

"ఎవరూ వండరు బాబాయ్. గోదాములో గింజలుంటే చాలు, వాళ్లే తింటారు."

"పచ్చివా?"

కాసేపటికి మళ్లీ అడిగాడు. "గీ ఎర్రోళ్లకూ మనకూ పంచాయితీ ఏంది? ఏం జేసినం మనం?"

"ఏమీ చేయలేదు. ఆట అంతే. వాళ్లు వస్తారు, మనం ఆపాలి."

"జర అడిగి చూడరాదు?"

అడగడానికి ఆ ఆటలో బొత్తాం లేదని చెప్పడానికి నాకు పావుగంట పట్టింది. కోటలో బావి ఎక్కడుందని ఒక రోజంతా వెతికాడు. ఈ ఆటలో నీళ్ల లెక్క లేదంటే నమ్మలేదు. నీళ్లు లేకుండా పంట ఎట్ల పండుతుందని నా మీదే కోప్పడ్డాడు. చాయ్ తాగడానికి వెళ్తే ఎర్రోళ్లు ఆగుతారా అని అడిగాడు. ఆగుతారని, ఎలా ఆపాలో చూపిస్తే, "మంచోళ్లే" అన్నాడు.

ఇంకో రోజు ఆటను దాచుకోవడం నేర్పాను. ఓడిపోతే మళ్లీ దాచుకున్న చోటు నుంచే మొదలుపెట్టవచ్చని చెప్పాను.

"అంటే అయిపోయినదాన్ని ఎనకకు మలపొచ్చునా?"

"మలపొచ్చు."

"గట్లయితే ఇగ దునియాల ఓడిపోయేటోడు ఎవడుంటడు?" అని పెద్దగా నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయి, కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

నెల తిరిగేసరికి ఆట ఆయన చేతికి వచ్చింది. గోదాము ఎన్నడూ ఖాళీ కాలేదు. గోడ మీద విలుకాళ్లు వరసగా నిలబడ్డారు. పిల్లలు తమ ఆటలు వదిలేసి ఆయన కోట చూడటానికి వచ్చేవారు. అంతా చేసి, ప్రతిసారీ ఓడిపోయేవాడు. ప్రతిసారీ ఒకేలా ఓడిపోయేవాడు. తలుపు మూసేవాడు కాదు.

గంట మోగేది. జనం పరుగెత్తుకుంటూ వచ్చేవారు. అందరూ వచ్చాక, దూరంగా చివరి చేను నుంచి ఒక రైతు బొమ్మ నింపాదిగా నడిచి వస్తుండేది. వాడి వెనకే ఎర్ర సైన్యం.

"మూయండి బాబాయ్!"

"ఇంకొకడున్నడు బిడ్డా."

"మూయండి!"

"వస్తుండు. గదో, వస్తుండు."

వాడు వచ్చేవాడు. వాడితోపాటే ఎర్ర సైన్యమూ వచ్చేది. ఒకరోజు ఇది చూసి చూసి నా ఓపిక చచ్చిపోయింది. "ఒక్కడి కోసం నలభై మందిని చంపుకుంటారా? మీరు ముప్ఫై ఏళ్లు ఏం ఉద్యోగం చేశారండీ? మూయమన్నప్పుడు మూయడమేగా మీ పని!" అన్నాను.

ఆయన నావైపు చూడలేదు. మౌసు పక్కకు జరిపి, లేచి, చెప్పులు వేసుకోకుండానే బయటికి వెళ్లిపోయాడు. నా నోటికి తాళం ఉండదని మా అమ్మ ఊరికే అనదు.

సందులో కనకవ్వ చెయ్యి ఆపింది. నన్ను తిట్టలేదు. చాట పక్కన పెట్టి, నన్ను కూర్చోమని చెప్పింది.

"దేవ్‌సింగని ఒకాయన ఉండె బిడ్డా. తండా మనిషి. ఆయన పొలం మీ బాబాయ్ చూసే కాలువకు ఆఖర్న. ఇద్దరికి శాన దోస్తీ. ఆయన జొన్నరొట్టె తెస్తె ఈయన కారం తీస్కపోయేది. మా బిడ్డ పెండ్లికి గాయన కుటుంబమంత వచ్చి మూడు దినాలు పని చేసిండ్రు."

"మరి ఏమైంది?"

"తొంభై ఆరు యాసంగి పంటకు నీళ్లు తక్కువున్నయి. ఉన్న నీళ్లు ఊర్లకు తాగెతందుకు ఉంచాలె, షట్టర్ దించుమని ఆర్డరచ్చింది. దేవ్‌సింగ్ వరి అప్పుడే పాలు పోసుకుంటున్నది. ఇంకొక్క తడి అయితె గింజ చేతికొస్తది. మీ బాబాయ్ పోయేసరికి గాయన తూము కాడ గట్టు మీద కూసున్నడట. ఏం అనలేదట. ఊకె చూసుకుంట కూసున్నడట. ఈయన షట్టర్ దించి వచ్చిండు. చేను ఎండిపోయి, గాయన పసులను తోలిండు అందుల. గప్పటి నుంచి ఇద్దరికి మాటల్లేవు. దూరంకెల్లి గాయన కనబడితె ఈయన ఇంకో సందుల పోతడు."

ఏడేళ్లు. నేను రెండు నెలలుగా రోజూ ఏం మూయమంటున్నానో అప్పుడు తెలిసింది. మర్నాడు ఆయన వస్తే చాయ్ తెప్పించి ఇచ్చాను. క్షమించమని అడగడం నాకు చేతకాదు. ఆయన చాయ్ తాగి, మళ్లీ మూల కుర్చీలో కూర్చుని కోట కట్టడం మొదలుపెట్టాడు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం తెల్ల తలపాగా మనిషి ఒకాయన రోడ్డు మీదే నిలబడి నన్ను బయటికి పిలిచాడు. మనవరాలు మంగ్లిని హాస్టల్లో చేర్చాలి, దరఖాస్తుకు ఆ రోజే ఆఖరు. టైపు చేసే మిగతా రెండు దుకాణాల్లో కరెంటు లేదు. నా దగ్గర బ్యాటరీ ఉంది. "నా పేరు దేవ్‌సింగ్" అని చెప్పి, గది లోపలికి తొంగిచూడకుండానే, "నేను గీడనే ఉంట. నువ్వు చేసి తే బిడ్డా" అన్నాడు.

సందులోంచి కనకవ్వ నన్నే చూస్తోంది. బీడీ ఆకు ఆమె చేతిలో అలాగే ఉంది.

నేను అబద్ధమాడాను. "వేలిముద్ర లోపలే వేయాలి. మిషను వేడెక్కడానికి అరగంట పడుతుంది. వచ్చి కూర్చోండి" అన్నాను. అలాంటి మిషను భూమ్మీద లేదు. కానీ ఆయనకు ఆ సంగతి తెలియదు. గదిలో ఖాళీ కుర్చీ ఒకటే ఉంది, ముత్తెన్న బాబాయ్ పక్కన. మిగతా రెంటినీ ఆయన చెప్పులు విప్పేలోగా గోడవైపు తిప్పి వాటి మీద కాగితాలు పెట్టాను.

ఆయన కూర్చున్నాడు. ఇద్దరికీ ఒకరినొకరు చూసుకోవడానికి ధైర్యం లేదు కాబట్టి ఇద్దరూ తెర వైపే చూశారు. నేను టైపు చేస్తున్నట్టు నటిస్తూ ఒకే వరస నాలుగుసార్లు కొట్టాను.

దేవ్‌సింగ్ వేలితో తెర చూపించాడు. "గా ఎర్రోళ్లు ఎవలు?"

ఏడేళ్ల తర్వాత మొదటి మాట అది.

"దుష్మన్లు" అన్నాడు బాబాయ్.

"మనతోని పంచాయితీ ఏంది?"

"ఏం లేదు. ఆట గంతే. వాళ్లు వస్తరు, మనం ఆపాలె."

"బువ్వ ఎవలు వండుతరు వీళ్లకు?"

"గోదాంల గింజలున్నయి. వాళ్లే తింటరు."

"పచ్చియా?"

నేను నవ్వలేదు. నవ్వితే ఆ గదిలో ఏదో పగిలిపోతుందనిపించింది. బాబాయ్ ఒక్కొక్కటీ చూపిస్తూ చెప్పాడు. ఇది గోదాము, వీళ్లు విలుకాళ్లు, ఇది తలుపు, బాణం గుర్తు దీని మీద పెట్టి నొక్కితే మూతపడుతుంది. దేవ్‌సింగ్ చిన్నపిల్లాడిలా ముందుకు వంగి విన్నాడు. అంతలో గంట మోగింది.

జనం లోపలికి ఉరికారు. దూరంగా చివరి చేనులోంచి ఒక రైతు నడిచి వస్తున్నాడు. బాబాయ్ బాణం గుర్తును తలుపు మీద పెట్టాడు. వేలు కదల్లేదు.

"తలుపు మూయవేంది?" అన్నాడు దేవ్‌సింగ్.

"ఇంకొకడున్నడు."

"వాడచ్చేసరికి దుష్మన్లు జొరబడుతరు గద."

"ఇంకొకడున్నడు దేవ్‌సింగ్" అన్నాడు బాబాయ్.

దేవ్‌సింగ్ మౌసు మీది చేతిని చూశాడు. తెరను చూశాడు. తన అరచెయ్యి బాబాయ్ చేతి మీద పెట్టి గట్టిగా నొక్కాడు. తలుపు పడింది. చివరి చేను రైతు గోడ బయట పడిపోయాడు. గోడ మీది విలుకాళ్లు ఎర్ర సైన్యాన్ని తరిమేశారు. రెండు నెలల్లో మొదటిసారి ఆ కోట నిలబడింది.

"వాడు పోయిండు" అన్నాడు బాబాయ్.

"పోయిండు. మిగిలినోళ్లు బతికిండ్రు." దేవ్‌సింగ్ చెయ్యి తీయలేదు. "నువ్వు షట్టర్ దించుతవని నాకు ఎర్కే ముత్తెన్నా. దించక ఏం జేస్తవు? ఊర్లు తాగే నీళ్లు. గా పొద్దు నేను గట్టు మీద కూసున్నది నిన్ను ఆపెతందుకు గాదు. షట్టర్ దించినంక జర నా పక్కన కూసుంటవని. నువ్వు తలకాయ వంచుకొని సైకిలెక్కి పోయినవ్. తెల్లారి ఇంటికొస్తవనుకున్న. వారం చూసిన. పసులు చేన్ల మేస్తుంటె చూసిన. ఏడేండ్లు చూసిన."

"ఏ మొకం పెట్టుకొని రావాలె?"

"ఉన్న మొకంతోనే రావాలె."

ముత్తెన్న బాబాయ్ ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. దరఖాస్తు అచ్చు తీసి ఇస్తే దేవ్‌సింగ్ కండువాతో ముఖం తుడుచుకుని, వేలిముద్ర ఎక్కడ వేయాలని అడిగాడు. ఎక్కడో ఒకచోట వేయించాను. దరఖాస్తు ఇచ్చేసి మూడు గంటల బస్సుకు తండాకు వెళ్లాలన్నాడు. బాబాయ్ లేచి ఆయన వెంట నడిచాడు.

ఆ రాత్రి బాబాయ్ ఇంటికి రాలేదు. మర్నాడు పొద్దెక్కినా రాలేదు. ఆ వయసులో ఆయనకు ఏమైనా అయ్యిందేమో, ఎవరినైనా తండాకు పంపిద్దామా అని నేను గాభరాగా సందులోకి వెళ్లాను. కనకవ్వ తల ఎత్తకుండా బీడీకి దారం చుడుతోంది.

"నీకేం ఫికరొద్దు" అంది. "ఏడేండ్ల ముచ్చట బిడ్డా, ఒక్క పూటల ఒడుస్తదా?"