ముందుగదిలో ఐదు గంటలు

మా మామయ్య కాలు ఒకచోట నిలవదని చుట్టాలందరికీ తెలుసు. బస్టాండులో రిజర్వేషన్ కౌంటర్ వెనక ముప్పై రెండేళ్లు కూర్చుని జనాన్ని ఊళ్లకి పంపిన మనిషి, రిటైరైన రెండో నెల నుంచి తనే బస్సెక్కడం మొదలుపెట్టాడు. ఏడాదిలో పదకొండు ప్రయాణాలు. ప్రతిదానికీ అత్తయ్య పక్కన ఉండాల్సిందే. ఆవిడకి మోకాళ్ల నొప్పులు కాబట్టి సంచులు మొయ్యడానికి నేను. మేనకోడలినైన పాపానికి నా సెలవులన్నీ బస్సుల పాలయ్యాయి.

ఈసారి మరీ ఘోరం. మా పిన్ని ఇంటికి పద్నాలుగు గంటలు పోయి, పద్నాలుగు గంటలు తిరిగొచ్చి, పొద్దున పదకొండున్నరకి ఇల్లు చేరాం. సాయంత్రం నాలుగున్నరకి మళ్లీ బస్సు, ఈసారి రాష్ట్రం అటు చివరకి, అత్తయ్య అన్నగారింటికి. మధ్యలో ఉన్నవి ఐదు గంటలు. వాటికీ మామయ్య దగ్గర చట్టాలున్నాయి. ముందుగది తాళం ఒక్కటే తియ్యాలి, సంచులు విప్పకూడదు, నడుం వాల్చకూడదు.

"ఇల్లంతా తెరిచామంటే ఇక మీరు కదలరు" అన్నాడు.

ఆ ముందుగది అత్తయ్య కుట్టుపని గది. కిటికీ కింద మిషను, దాన్ని ఆనుకుని బట్ట కత్తిరించే బల్ల, నిలువుటద్దం, కొలతలకి వచ్చినవాళ్లకి ఒక స్టూలు. ఆడవాళ్ల బట్టలు ఆవిడ కుడితే మళ్లీ సరిచెయ్యాల్సిన పని ఉండదని వీధంతా చెప్పుకుంటారు. అలాంటి పనికి ఈ తిరుగుళ్లు ఎసరు పెట్టాయి. తలుపు తీశామో లేదో, ఎదురింటి నర్సు ఊడిపడింది.

"వచ్చేశారా టైలరమ్మా! నెల్నుంచీ రెండు యూనిఫాంలతో నెట్టుకొస్తున్నా. ఉంటారా, మళ్లీ వెళ్తారా? పక్క వీధిలో ఎవరో కొత్తావిడ బాగానే కుడుతోందట."

అత్తయ్య మొహం మాడిపోయింది. "బట్ట ఇచ్చి వెళ్లు. సాయంత్రం ఒకసారి వేసి చూద్దువుగాని" అంది, సాయంత్రం ఎక్కడుంటుందో తనకే తెలియకుండా. ఆ పూటే మరో నలుగురు వచ్చారు. ఇద్దరు తమ బట్ట వెనక్కి తీసుకుపోయారు.

మామయ్య మాత్రం ఒక్కచోట ఉంటే ఒట్టు. స్టూలు మీద కూర్చుంటాడు, అంతలో లేచి చెప్పులేసుకుని వీధిలోకి పోతాడు, తిరిగొచ్చి గడియారం చూస్తాడు, మళ్లీ పోతాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏంటి మామయ్యా, కాలుగాలిన పిల్లిలా! కాసేపు కూర్చోకూడదూ?"

ఆయన అప్పటికే వీధిలో ఉన్నాడు.

మూడింటికి అత్తయ్య మిషను దగ్గర నుంచి తల తిప్పకుండానే అంది. "నేను రావట్లేదండీ. మీరూ అమ్మాయీ వెళ్లిరండి."

"టికెట్లు తీశాక ఇదేం మాట? మీ అన్నయ్య ఎదురు చూస్తుంటాడు."

"చూస్తే చూడనివ్వండి. ఇంకో రెండు ప్రయాణాలు చేశామంటే నా గుమ్మం తొక్కేవాళ్లుండరు. ఇన్నేళ్లూ కష్టపడి నిలబెట్టుకున్న పని ఇది. అయినా ఇంట్లో మీకేం తక్కువ? హాయిగా కూర్చోవచ్చుగా!"

"ఎక్కడ?" అన్నాడు మామయ్య.

అంత చిన్న గొంతుతో ఆయన మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"ఎక్కడ కూర్చోను? నువ్వే చూపించు. రిటైరైన నెలంతా చూశాగా. నేను స్టూలు మీదుంటే వచ్చినావిడ గుమ్మంలోనే ఆగిపోయేది. నేను బయటికి పోతే లోపలికొచ్చేది. వెనక గదిలో ఒక్కణ్ణీ గోడలు చూస్తూ కూర్చోలేను. సందు చివరిదాకా రోజుకి ఇరవైసార్లు నడిచాను. బస్సులో అయితే నా సీటు నాకుంటుంది. పక్కన నువ్వుంటావు."

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా?"

"చెప్తే నీ పని మానేస్తావేమోనని."

అత్తయ్య పెదాల మధ్య పిన్నులున్నాయి. ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టింది. మిషను, బల్ల, అద్దం, స్టూలు, అన్నీ చూసింది. నేనూ చూశాను. ఆయన చెప్పింది నిజం. ఏడాది పొడుగునా ఈయన తిరుగుడు మీద చుట్టాలందరి ముందూ జోకులేసి నవ్వించింది నేనే. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"వెనక గది తాళం తియ్యండి" అంది అత్తయ్య.

"ఎందుకు? బస్సు టైం..."

"బస్సు పోతే పోనివ్వండి. ఇటొచ్చి ఓ చెయ్యి వెయ్యండి."

ముగ్గురం కలిసి మిషను లాగాం, బల్ల మోశాం, అద్దం గోడకి ఆనించాం. నాలుగున్నరకి మామయ్య ఒక్క క్షణం ఆగి గడియారం చూశాడు. మళ్లీ బల్ల అంచు పట్టుకున్నాడు. ఐదయ్యేసరికి ముందుగది బోసిగా ఉంది. వెనక గదిలోని రెండు కుర్చీలు తెచ్చి కిటికీ దగ్గర వేశాను.

నర్సు వచ్చింది. మామయ్య చటుక్కున లేచి, అలవాటు కొద్దీ చెప్పుల్లో కాళ్లు పెట్టబోయాడు.

"ఆ అమ్మాయిని లోపలికి పంపండి" అని వెనక గదిలోంచి అత్తయ్య కేకేసింది. "మీరు కూర్చోండి."

నర్సు తడబడకుండా ఆయన పక్కనుంచే లోపలికి వెళ్లిపోయింది. ఆయన బయటికి పోలేదు. అలాగని కూర్చోనూ లేదు. కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. కూర్చో మామయ్యా అని రెండుసార్లు బతిమాలాను. ఊహూ.

అత్తయ్య తొంగి చూసింది. లోపల పనంతా అలాగే వదిలేసి, కుంటుకుంటూ వచ్చి రెండో కుర్చీలో కూర్చుంది.

"టైలరమ్మా, పిన్నులు గుచ్చుకుంటున్నాయి!" అని నర్సు అరిచింది.

"కాస్త ఓర్చుకో" అంది అత్తయ్య.

అప్పుడు గాని మామయ్య కూర్చోలేదు.