పండ్లపొడి గోడ

మేం చిన్నగున్నప్పుడు... ఫలక్‌నుమాల మా ఇంటి నంబర్ ఎవ్వలకూ తెల్వకపోతుండె. "పండ్లపొడి గోడ ఇల్లు" అంటే చాలు, రిక్షా సీదా మా గడప ముంగటొచ్చి ఆగేది.

రైలు దిగి బయటికొస్తే ముందుగాల కనపడేది మా గోడనే. అందుకే పండ్లు తోముకునే పొడి కంపెనీ వాళ్లు వచ్చి అడిగిండ్రు... గోడ మాకియ్యుండ్రి, ఇల్లంత సున్నం మేమే ఏయిస్తం అని. బాపు వెంటనే సరే అన్నడు. పసుపుపచ్చ రంగు మీద ఎర్రటి అక్షరాలు, ఒక్కొక్కటి నా అంత ఎత్తు...

"అమ్మలు మెచ్చిన మల్లె మార్కు పండ్లపొడి."

రాసింది పెయింటర్ యూసుఫ్ భాయ్. చెవి మీద బీడీ, నిచ్చెన మీద కాలు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు... మూడూ ముత్యాల లెక్క రాసెటోడు. గానీ సూడుండ్రి, ఆయనకు తెలుగు చదువరాదు! కాయితం మీదున్నది చూసి బొమ్మ గీసినట్టు గీసెటోడు. అయినంక కిందికి దిగి, రెండో తరగతి చదివే నన్ను పిలిచెటోడు.

"పఢో బేటీ... సరిగ్గున్నదా?"

నేను నడుం మీద చెయ్యి పెట్టుకొని, బడి ఇన్‌స్పెక్టర్ లెక్క జోర్గ చదివి, "ఠీకున్నది భాయ్" అనేదాన్ని. మస్తు షాన్!

గడపల నిలబడి అమ్మ ఇదంత చూసేది. అమ్మ పేరు మల్లమ్మ. దవాఖానల ఆయా. అప్పుడు ముప్పై ఏండ్లుంటయేమో. పొద్దుగాల డ్యూటీకి పోంగనే హాజరు రిజిస్టర్ల ఏలిముద్ర ఎయ్యాలె. ఆ సిరా మరకను ఇంటికొచ్చినంక రాయితోటి రుద్ది రుద్ది కడిగేది. ఎందుకంత రుద్దుతదో నాకు అప్పుడు తెల్వది... అది సిగ్గని ఇప్పుడు తెలుస్తున్నది.

ఒకనాడు నన్ను గోడ కాడికి తోలుకపోయి, మెల్లగ అడిగింది. "ఇదేం అక్షరమే?"

"మ."

"దాని పక్కనున్నది?"

ఇగ దినాం గట్లనే. బోళ్లు తోముకుంట, బట్టలారేసుకుంట, రోజుకు రెండక్షరాలు. పలక కొందాం అమ్మా అంటే, "ఈ వయసుల పలక పట్టుకుంటే గల్లీ అంత నవ్వుతరు" అన్నది. గోడ దిక్కు చూస్తే ఎవ్వలు నవ్వుతరు చెప్పుండ్రి?

దసరా ముంగట యూసుఫ్ భాయ్ మళ్ల రంగేయనీకి వచ్చిండు. నన్ను పిలిచేలోపే అమ్మ గడగడ చదివేసింది. ఆయన నిచ్చెన మీదనే ఆగిపోయిండు. "అరె వా బహెన్! మేరెకు భీ సిఖావ్" అని ఒకటే నవ్వుడు... నాకు గూడ నేర్పియ్యమని.

"మల్లె"ల నుంచి ఓ ముక్క, "అమ్మలు"ల నుంచి ఓ ముక్క తీసుకొని అమ్మ తన పేరు రాసుడు నేర్చుకున్నది. దవాఖానల మొదటిసారి సంతకం పెట్టిన నాడు ఇంటికొచ్చి పాయసం వండింది. ఇయ్యాల ఏమున్నదే అని బాపు అడిగితే, "ఊకెనే" అన్నది.

తర్వాత ఫ్లెక్సీలొచ్చినయ్. యూసుఫ్ భాయ్ పోయిండు, బాపు గూడ పోయిండు. గోడ వెలిసిపోయింది. అయినా ఇన్నేండ్లల్ల అమ్మ దాని మీద సున్నం పడనియ్యలే.

పోయిన నెల ఇద్దరు పోరగాండ్లు వచ్చిండ్రు... ఏదో అడ్వర్టైజింగ్ కంపెనీ అట. మల్లె మార్కు మళ్ల వస్తున్నదట, పాత గోడలు వెతుకుతున్నరట. ల్యాప్‌టాప్‌ల డిజైన్ చూపెట్టిండ్రు. గోడ నిండ ఇంగ్లీషు అక్షరాలు. "ఓన్లీ నైంటీస్ కిడ్స్ రిమెంబర్." ఇంటికంతా రంగు ఫ్రీ.

నిజం చెప్తున్న... నేను మురిసిపోయిన. ఫోన్ల నైంటీస్ కిడ్స్ అని ఏ వీడియో వచ్చినా పదిమందికి పంపేదాన్ని నేనే. "నువ్వు మిలీనియల్ మమ్మీ" అని మా బిడ్డ అంటే, ఏదో బిరుదిచ్చినట్టు సంబురపడ్డదాన్ని. వెనకా ముందు చూడకుండ సరే అనేసిన.

లోపటి నుంచి అమ్మ వచ్చింది. ల్యాప్‌టాప్ దిక్కు చూసి, ముప్పై ఏండ్ల కింద అడిగినట్టే అడిగింది.

"ఏం రాసిండ్రే? చదువు."

"నైంటీస్ల పిల్లలకే ఇది యాదికుంటది అని రాసిండ్రమ్మా."

"పిల్లలకేనా? మరి నేనేడికి పోయిన అప్పుడు?"

అందుల ఒక పిలగాడు మర్యాదగనే చెప్పిండు పాపం. "గట్ల కాదమ్మా... మీది వేరే జనరేషన్. ఇది మీ కోసం కాదు."

నా మనసుల అనుకున్న... ఎవ్వలి గోడరా ఇది?

అమ్మకు లొల్లి పెట్టుకునే అలవాటు లేదు. గోడ మీద చెయ్యి పెట్టి అన్నది. "నాకు చదువరాని రాత నా గోడ మీద వద్దు బిడ్డా. రాస్తే పాతదే రాయుండ్రి. లేకుంటే గిట్లనే ఉండనియ్యుండ్రి."

మూలకు చిన్నగ తెలుగు గూడ పెడతం అన్నరు. "మూలకెందుకు?" అన్నది అమ్మ. అంతే... నేను గూడ నా సరే వాపస్ తీసుకున్న. చాయ్ తాపి పంపిచ్చిన.

జనరేషన్ ఎక్స్ అంటరో, జెన్ జీ అంటరో, మీ ఇష్టమొచ్చిన పేర్లు పెట్టుకోండ్రి. గానీ పుట్టిన సంవత్సరం చూసి, ఇది నీకు యాదికుండాలె, అది నీకొద్దు అని పంచనీకి మీరెవ్వలు? ముప్పై ఏండ్లప్పుడు అక్షరం నేర్చుకున్నామెకు మీ లిస్టుల ఏం పేరున్నది? నేను ఆ గోడ ముంగట ఆడుకున్న, అంతే. చదువుకున్నది ఆమె.

ఇప్పుడు గల్లీల గోడలు చదివెటోళ్లు ఎవ్వలు లేరు... అందరం తల కిందికేసి ఫోన్లే చదువుతున్నం. మా గోడ గూడ ఇంకెన్ని వానలు ఆగుతదో తెల్వదు. ఆగినన్ని రోజులు ఆగనీ.

మీరు గూడ చెప్పుండ్రి... గానీ మీ చిన్నప్పటి ముచ్చట కాదు. మీరు చిన్నగున్నప్పుడే పెద్దోళ్లయినోళ్లు మీ ఇంట్ల ఉంటే, వాళ్లను అడుగుండ్రి. ఏ గోడ మీది మాట యాదికున్నదో, ఏ రేడియో ముచ్చట యాదికున్నదో అడిగి కింద కామెంట్ల రాయుండ్రి.

తెలుగుల రాయుండ్రి... మా అమ్మ చదువుతది.