నొక్కే చెయ్యి

నొప్పి ఉన్నచోట నొక్కడం లీలావతి పని.

చికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో పద్దెనిమిదేళ్లుగా అల్ట్రాసౌండ్ తీస్తోంది. కుడి భుజం అరిగిపోయింది. అన్నం కలుపుకున్నా సలుపుతుంది. మంచం మీద పడుకున్నవాళ్లు తెర చూడరు, తీసేవాళ్ల మొహం చూస్తారు. కనపడినదేమిటో చెప్పే హక్కు ఆమెకు లేదు, అది డాక్టర్ల పని. అందుకని మొహంలో ఏమీ లేకుండా ఉండటం నేర్చుకుంది. ఇంటికి కూడా ఆ మొహంతోనే వస్తావని భర్త దివాకర్ అంటాడు.

మార్చిలో ఒక మంగళవారం మధ్యాహ్నం అంకితను తీసుకొచ్చారు. ఇరవై మూడేళ్లు. చికాగోలో ఎమ్మెస్ చదువుతూ, ఇంటర్న్‌షిప్‌కి రైల్లో ఇక్కడికి వస్తుంది. స్టేషన్ మెట్ల మీద పొత్తికడుపులో నొప్పి ఆమెను వెనకనుంచి కొట్టినట్టు పడేసింది. నుదురు చిట్లింది. వాంతి జుట్టులో ఎండింది. నొప్పి పదికి ఎంత అని నర్సు అడిగితే నాలుగు అంది. అంతకు మించి చెబితే గోల చేస్తున్నట్టుంటుందని అనుకుంది.

"వేడి చేసిందేమోనని మజ్జిగ తాగించాను ఆంటీ" అంది వెంట వచ్చిన రేష్మ. ఆఫీసులో పక్క సీటు అమ్మాయి.

లోపలినుంచి తీసే స్కాన్ వద్దంది అంకిత. పెళ్లి కాలేదంది. లీలావతి బలవంతం చేయలేదు, పొట్ట మీదనుంచే తీసింది. ఉసిరికాయంత ఉండాల్సిన కుడి అండాశయం బత్తాయంత ఉంది. దానికి రక్తం మాత్రం అందుతోంది.

డాక్టర్ రోహన్ తెలుగువాళ్ల అబ్బాయే, ఇక్కడే పుట్టి పెరిగినవాడు.

"ఫ్లో ఉంది కదా ఆంటీ. రిపోర్ట్ కూడా అదే చెప్పింది. సిస్ట్ ఉంటది. పెయిన్ ఫోర్ అంది. మెడిసిన్ ఇచ్చి హోమ్‌కి పంపిస్తాను."

"అది మనవాళ్ల నాలుగు బాబూ."

"మీరు డయాగ్నోస్ చేస్తున్నారా?"

"లేదు. ఇంకోసారి తీస్తానంటున్నాను."

రోహన్ భుజాలెగరేసి సరే అన్నాడు.

అండాశయం తన కాడ మీద తానే మెలిపడటం అరుదు. మెలిపడ్డాక కూడా కొంతసేపు రక్తం అందుతూనే ఉంటుంది. తర్వాత ఆగుతుంది. తర్వాత అది చచ్చిపోతుంది. మెలి తెలియాలంటే కాడ కనపడాలి. కాడ పేగుల వెనక ఉంది. పేగుల్ని పక్కకు తొయ్యాలి.

"గట్టిగా నొక్కుతాను. చాలా నొప్పి పెడుతుంది. ఆపమంటే ఆపుతాను" అంది లీలావతి.

నొక్కింది. అంకిత గొంతులోంచి మనిషిది కాని శబ్దం వచ్చింది. ఆపండి అంది. లీలావతి ఆపింది. ఊపిరి తీసుకోనిచ్చి, అడిగి, మళ్లీ నొక్కింది. అంకిత మోకాలు లేచి లీలావతి దవడకు తగిలింది. కళ్లజోడు గోడకు కొట్టుకుని విరిగింది. నాలుక మీద రక్తం ఉప్పగా తగిలింది.

"మీకు కూతుళ్లు లేరా?" అంది అంకిత.

"ఇద్దరు. తిట్టు, ఫరవాలేదు. మళ్లీ నొక్కనా, వద్దా? అది నువ్వే చెప్పాలి."

అంకిత తువ్వాలు అడిగి పళ్ల మధ్య పెట్టుకుంది. తల ఊపింది.

లీలావతి ఒంటి బరువంతా వేసింది. భుజంలో కత్తి దిగింది. చెయ్యి తీయలేదు. తువ్వాల్లోంచి వచ్చిన కేకకు రేష్మ గోడవైపు తిరిగి చెవులు మూసుకుంది. తెర మీద పేగులు జరిగాయి. వెనక కాడ, నీటి సుడిలా, చుట్టలు చుట్టుకుని ఉంది. లీలావతి బొమ్మ తీసింది. మొహంలో ఏమీ లేదు.

రోహన్ ఆ బొమ్మ చూశాడు. వెంటనే సర్జన్‌కు ఫోన్ చేశాడు.

ఆపరేషన్‌లో చూస్తే కాడకు మూడు మెలికలున్నాయి. అండాశయం వంకాయ రంగుకు తిరిగింది. మెలికలు విప్పి సర్జన్ పది నిమిషాలు చూస్తూ నిలబడింది. అంచున ఎరుపు వచ్చింది. తీసేయకుండా ఉంచేసింది.

మర్నాడు లీలావతి వార్డుకు వెళ్లింది. దవడ వాచి ఉంది.

"థాంక్స్ చెప్పవే" అంది రేష్మ.

అంకిత ఆమె కుడిచేతిని చూసింది. కుట్లు లాగుతున్నా మోకాళ్లు పొట్టకు ముడుచుకుంది.

"దగ్గరికి రాకండి ఆంటీ. మీరేం చేశారో డాక్టర్ చెప్పారు. అయినా రాకండి."

"సరేనమ్మా" అంది లీలావతి. గుమ్మం దగ్గరే ఆగి, చేతులు వెనక్కి పెట్టుకుంది.